దారి మళ్లించేవారు ఇద్దరైతే

మా మాస్టారు పోయి ఏడాదైన సందర్భంగా శిష్యులమంతా కలిసి ఒక చిన్న సభ తలపెట్టాం. ఆహ్వానం అచ్చు వెయ్యలేదు, వాట్సాపులోనే పంపాం. దాని అడుగున, ఆయన రాసినవాటిలో మా అందరికీ ఎక్కువ ఇష్టమైన "మా ఊరి బస్" వ్యాసం లంకె ఇచ్చాం. మర్నాడు పొద్దున్నే ఆయన కూతురు ఫోను చేసింది. "అన్నయ్యా, నాన్నగారి వ్యాసం తెరుచుకోవడం లేదు. ఈ పేజీ మిమ్మల్ని చాలాసార్లు దారి మళ్లించింది అని ఏదో రాస్తోంది. సైటు తీసేశారా?" అని అడిగింది.

తీసెయ్యలేదమ్మా, అన్నాను. అన్నానే గానీ ఆ ప్రశ్న చాలాసేపు నన్ను వదల్లేదు. సర్వరు నడుస్తోంది, ఫైలు ఉంది, అందులో ఆయన వాక్యం ఒక్కటి కూడా చెడలేదు. అయినా చదవబోయినవాళ్లకు అది లేనట్టే లెక్క. దొరకని పేజీకి 404 అనే అంకె చూపించడంలో కనీసం ఒక నిజాయితీ ఉంది: అడిగినది లేదు, వెళ్లిరండి అంటుంది. ఇది అలా కాదు. ఉంది, పక్క వాకిట్లో అడగండి అంటుంది. పక్క వాకిట్లో అడిగితే మొదటి వాకిలి చూపిస్తుంది. కార్యాలయాల్లో పని చేయించుకోబోయిన ప్రతివాడికీ అనుభవమైన తతంగమే ఇది.

తప్పు నాదే కాబట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు దాచకుండా చెబుతాను. మాస్టారి వ్యాసాలు 2006 నుంచి ఒక పాత సైటులో, అంకెలే పేర్లుగా ఉన్న ఫైళ్లలో ఉండేవి. ఇరవై మూడో వ్యాసం అంటే 23 డాట్ హెచ్‌టీఎంఎల్, అంతే. వాటిని నేను అద్దెకు తీసుకున్న చిన్న సర్వరుకు మార్చి, ప్రతి వ్యాసానికీ దాని తెలుగు పేరే చిరునామాగా పెట్టాను. అయితే పాత లంకెలు ఎందరో తమ రాతల్లో ఇచ్చుకున్నారు. పరిశోధన వ్యాసాల అధస్సూచికల్లోకి కూడా ఎక్కాయి. ఒక్క లంకె కూడా తెగకూడదని నా పంతం. వెబ్బును కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ విషయం మీద ఒక వ్యాసం రాశాడు. మంచి చిరునామాలు మారవన్నది దాని సారాంశం. ఆయన మాట విని పాత అంకెలనే ఉంచేసి ఉంటే నాకు ఈ టపా రాసే పని పడేది కాదు. తెలుగు పేర్ల మీది మోజు నాది.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే మిగిలిన కథ అర్థం కాదు. సర్వరు ఒక చిరునామాను రెండు రకాలుగా మార్చగలదు. పోస్టాఫీసుతో పోలిస్తే, ఉత్తరం మీద రాసిన చిరునామా పాతదే అయినా, మనిషి ఏ గదిలో ఉన్నాడో పోస్టుమాస్టరుకు తెలుసు గనక చడీచప్పుడు లేకుండా అక్కడికే పంపించెయ్యడం మొదటి రకం. రాసినవాడికి ఆ సంగతే తెలియదు. దీన్ని రిరైట్ అంటారు, నేను లోపలి మార్పు అంటాను. ఉత్తరాన్ని రాసినవాడికే తిప్పి పంపి, "ఆయన ఇక్కడ లేరు, ఫలానా చిరునామాకు మళ్లీ రాయండి" అనడం రెండో రకం. ఇది రీడైరెక్టు. వికీపీడియా పుణ్యమా అని మనకు దారిమార్పు అన్న చక్కని మాట ఉంది, అదే వాడతాను. లోపలి మార్పు సర్వరు ఇంటి గుట్టు. దారిమార్పు బ్రౌజరుకు చెప్పే మాట. ఆ మాట విన్న బ్రౌజరు కొత్త చిరునామాతో మళ్లీ మొదటినుంచి బయల్దేరుతుంది, అంతకుముందు ఒకసారి వచ్చి వెళ్లినట్టు సర్వరుకు గుర్తుండదు. గానుగెద్దు తిరగడం మొదలయ్యేది ఇక్కడే.

ఎంతసేపు తిరగనివ్వాలన్నది పాత చర్చే. 1996లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రం, తనంతట తాను అయిదుసార్లకు మించి దారి మారవద్దని బ్రౌజర్లకు చెప్పింది. 1999 నాటి పత్రంలో ఆ అంకె తీసేసి, అంతులేని తిరుగుడును బ్రౌజరే కనిపెట్టాలన్నారు. ఇప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లు ఇరవై దాకా ఓపిక పడతాయి. లోపలి మార్పుల్లో అపాచీ సర్వరు ఓపిక మామూలుగా పది. అది దాటితే 500 అని చేతులెత్తేస్తుంది. ఎంజిన్‌ఎక్స్‌ది కూడా పదే. ఎన్నిసార్లకు ఆపాలన్నది రోగం ముదిరాక వేసే ప్రశ్న. అసలెందుకు తిరుగుతుందన్నదే నాకు ముఖ్యం.

మాస్టారి వ్యాసం సంగతికి ముందు, సైటు మార్చిన మొదటి రాత్రి పడిన ఒక గుంట గురించి చెప్పాలి. ఈ విద్యలో అడుగుపెట్టినవాళ్లందరూ దాదాపు అందులో పడినవాళ్లే. సైటు ముఖద్వారానికి రెండు పేర్లుంటాయి: ఉత్త గీత ఒకటి, ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ ఇంకొకటి. ఒకే గదికి రెండు పేర్లెందుకని, రెండోదాన్ని అడిగినవాళ్లను మొదటిదానికి మళ్లించమని హెచ్‌టీయాక్సెస్ ఫైలులో ఒక నియమం రాశాను. ఒక్క వరుస. తర్కంలో ఏ లోపమూ కనిపించదు. సైటు మొత్తం ఆగిపోయింది.

జరిగిందేమిటంటే, పాఠకుడు ఉత్త గీతను అడిగాడు. దాన్ని తెరవడానికి సర్వరు లోలోపల ఇండెక్స్ ఫైలును పిలుచుకుంటుంది. అది దాని సొంత పని, పాఠకుడికి సంబంధం లేదు. కానీ హెచ్‌టీయాక్సెస్ ఫైలులోని నియమాలు ఆ లోపలి పిలుపుకు కూడా వర్తిస్తాయి. నా నియమం కళ్లు తెరిచి చూసింది, ఎదురుగా ఇండెక్స్ ఫైలు పేరు. "ఓహో, నువ్వు రావలసింది ఇటు కాదు" అని ఉత్త గీతకు పంపేసింది. పాఠకుడు ఉత్త గీతతో మళ్లీ వచ్చాడు. సర్వరు మళ్లీ ఇండెక్సును పిలిచింది. పాఠకుడు ఆ మాట అననే లేదు, అన్నది సర్వరు. సర్వరు తనతో తాను మాట్లాడుకున్న మాటను నా నియమం పాఠకుడి మాటగా పొరబడింది.

ఈ గుంటలోంచి బయటపడే మార్గం అపాచీలోనే ఉంది. ది రిక్వెస్ట్ అనే ఒక చరరాశి ఉంటుంది. బ్రౌజరు మొదట పంపిన వరుసను అది అక్షరం మార్చకుండా పట్టి ఉంచుతుంది. లోపల ఎన్ని మార్పులు జరిగినా అది మారదు. దారిమార్పు నియమానికి ముందు "ఆ మొదటి వరుసలో ఇండెక్స్ పేరు ఉంటేనే" అని ఒక షరతు పెడితే చాలు, సర్వరు గొణుగుడు నియమం చెవిన పడదు. అప్పటినుంచి నేను ఏ దారిమార్పు రాసినా ముందుగా వేసుకునే ప్రశ్న ఇదొక్కటే: ఇప్పుడు నా ముందున్నది పాఠకుడు అడిగిన చిరునామాయా, లేక మేమే మార్చిన చిరునామాయా? (ఆ మందుకూ ఒక వికటం ఉందని తర్వాత తెలిసింది. ఆ వరుసలో తెలుగు అక్షరాలు శాతం గుర్తులుగానే ఉంటాయి. వాటిని అలాగే తీసి కొత్త చిరునామాలో పెడితే సర్వరు ఆ శాతం గుర్తునే మళ్లీ సంకేతంగా మార్చి, పక్కన 25 తగిలిస్తుంది. అలా మార్చవద్దని విడిగా చెప్పాలి.)

చాలామంది నమ్మే ఇంకో భ్రమ గురించి కూడా చెప్పాలి. నియమం చివర ఎల్ అన్న గుర్తు పెడితే అదే ఆఖరి నియమమని, ఇక ఏమీ జరగదని అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. హెచ్‌టీయాక్సెస్ ఫైలులో ఆ గుర్తుకు అర్థం "ఈ విడతకు ఆఖరు" అని మాత్రమే. చిరునామా మారింది కాబట్టి సర్వరు మొత్తం నియమాలను మళ్లీ పైనుంచి చదువుతుంది. వచ్చినదాన్నల్లా వ్యాసాలు అన్న అరలోకి పంపమని ఒక నియమం రాసి, చివర ఎల్ పెట్టి చూడండి. లోపలే వ్యాసాలు, వ్యాసాలు, వ్యాసాలు అని చిరునామా రైలుపెట్టెల్లా పెరుగుతూ పోయి పదో తిరుగుడు దాటాక 500 అవుతుంది. నిజంగా ఆపాలంటే 2012లో వచ్చిన అపాచీ 2.4 నుంచి ఎండ్ అన్న గుర్తు ఉంది. లేదా, ఇప్పటికే వ్యాసాలు అన్న మాటతో మొదలైనదాన్ని ముట్టుకోవద్దని షరతు పెట్టాలి. నాకు రెండోదే ఇష్టం. ఏ నియమమైనా తాను తయారుచేసినదాన్ని తానే మళ్లీ చూస్తే, ఇది నా చేతిదే అని గుర్తుపట్టి ఊరుకోగలగాలి. అన్నం తిన్నవాడికి మళ్లీ విస్తరి వెయ్యకూడదు కదా.

ఇక తెలుగు గొడవకు వస్తాను. మన చిరునామాలు తెరమీద ముచ్చటగా కనిపిస్తాయి గానీ తీగ మీద వెళ్లేటప్పుడు వాటి వేషం వేరు. తెలుగు అన్న మాటలో యూనికోడు లెక్కన ఆరు సంకేతాలు. ఒక్కోటీ మూడు బైట్లు, ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. వెరసి ఆ చిన్న మాట చిరునామాలో యాభై నాలుగు అక్షరాల పొడవు. ఆ శాతాల పక్కన వచ్చే ఇంగ్లీషు అక్షరాలను పెద్ద బడిలో రాసినా చిన్న బడిలో రాసినా అర్థం ఒకటేనని 2005 నాటి ప్రమాణపత్రం చెబుతుంది. కానీ రెండు ప్రోగ్రాములు, ఒకటి పెద్దవే సరైనవనీ ఇంకొకటి చిన్నవే సరైనవనీ పట్టుబట్టి, అక్షరానికి అక్షరం పోల్చి చూసి దారి మార్చుకుంటూ కూచుంటే ఏ ప్రమాణమూ కాపాడలేదు.

నా గండం అంతకన్నా సూక్ష్మమైనది. "మా ఊరి బస్" అన్న పేరు చివర పొల్లు ఉంది. యూనికోడులో మొదటినుంచీ రాస్తున్నవారికి సున్నా వెడల్పు అక్షరం సంగతి చెప్పనక్కరలేదు. సాఫ్ట్‌వేర్ అని రాసినప్పుడు ట కింద వ వత్తుగా పడకుండా ఆపే కనిపించని అడ్డుపుల్ల అది. మాట మధ్యలో దానికి పని ఉంది. కొన్ని టైపు పద్ధతులు మాట చివర పొల్లు తర్వాత కూడా దాన్ని తగిలించి వదిలేస్తాయి. అక్కడ దానికి పనీ లేదు, రూపమూ లేదు. అది ఉన్న బస్సూ, లేని బస్సూ తెరమీద ఒకటే. సర్వరుకు మాత్రం అవి రెండు వేరువేరు ఊళ్లు.

పాత సర్వరు చిట్టాలు తిరగేసి, పాఠకులు ఈ వ్యాసాలను ఏయే రూపాల్లో అడిగారో అన్నీ ఏరి, ప్రతి రూపాన్నీ "సరైన" రూపానికి మళ్లించే పట్టీ ఒకటి ఒక చిన్న ప్రోగ్రాముతో తయారుచేశాను. సరైన రూపాన్ని నేనే టైపు చేశాను, అడ్డుపుల్లతో సహా. వ్యాసాలను చూపించే ప్రోగ్రాము వేరొకటి ఉంది. దానికీ సరైన రూపం మీద ఒక అభిప్రాయం ఉంది: పని లేని అడ్డుపుల్లలు తీసేసి, తీసేసిన చిరునామాకు పాఠకుణ్ణి మళ్లిస్తుంది. అదీ మంచి ఉద్దేశమే. ఇంకేముంది, అడ్డుపుల్ల లేని రూపం వస్తే నా పట్టీ ఉన్నదానికి పంపింది. ఉన్నదాన్ని ఆ ప్రోగ్రాము లేనిదానికి పంపింది. పట్టీ తెరిచి ఆ వరుస చూశాను. ఎడమపక్క మా ఊరి బస్, కుడిపక్క మా ఊరి బస్. ఒక మాటను దానికే మళ్లించిన మూర్ఖుణ్ణి నేనేనా అని కాసేపు నవ్వుకున్నాను. రెండింటి పొడవునూ కొలిచి చూసేదాకా విషయం బోధపడలేదు.

మిగిలిన తిరుగుళ్లన్నీ కొంచెం అటూఇటూగా ఈ కథే. ఒకరు చివర గీత ఉండాలంటారు, మీ నియమం వద్దంటుంది (అడిగినది ఒక అర పేరైతే అపాచీ తనంతట తానే చివర గీత పెడుతుంది, కాబట్టి గీత తీసే నియమం అరలను మినహాయించాలి). ఒకరు మూడు డబ్ల్యూలు కావాలంటారు, ఇంకొకరు వద్దంటారు. 2018లో క్రోమ్ హెచ్‌టీటీపీ సైట్లన్నిటికీ "సురక్షితం కాదు" అన్న ముద్ర వెయ్యడం మొదలుపెట్టాక ఎక్కువమందిని వేధించినది ఇంకోటి. పాఠకుడికీ సర్వరుకీ నడుమ ఒక మధ్యవర్తి సర్వరు ఉంటుంది. పాఠకుడు దానిదాకా తాళం వేసిన దారిలోనే వస్తాడు. అది మాత్రం వెనకున్న సర్వరును తాళం లేని దారిలో అడుగుతుంది. వెనక సర్వరు "తాళం వేసుకుని రా" అని పంపుతుంది, పాఠకుడు వేసుకునే వచ్చానని ఎంత మొత్తుకున్నా దానికి వినిపించదు. మధ్యవర్తి తన వెంట తెచ్చే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో అన్న చీటీ చదవమని వెనక సర్వరుకు చెప్పాలి, అదీ సొంత మధ్యవర్తి తెచ్చిన చీటీ అయితేనే నమ్మాలి. వెనక దారికి కూడా తాళం వెయ్యడం అంతకన్నా మేలు.

నా అభిప్రాయం ఇది. దారిమార్పుల తిరుగుడు నియమాలు రాయడం రాక వచ్చేది కాదు. సరైన చిరునామా ఏదో తేల్చే హక్కు ఇద్దరి చేతుల్లో ఉండబట్టి వస్తుంది. ఇద్దరూ సమర్థులైతే ఇంకా ప్రమాదం, ఇద్దరూ పట్టు విడవరు. సాధారణంగా జరిగేది ఏమిటి? చిరునామా దారులు మార్చే మోడ్ రిరైట్‌ను 1996లో రాల్ఫ్ ఎంగెల్‌షాల్ రాశాడు. అప్పటినుంచి దాని నియమాలు ఒకరినుంచి ఒకరికి ఇంటివైద్యం చిట్కాల్లా అందుతూనే ఉన్నాయి. డబ్ల్యూలకొకటి, గీతకొకటి, తాళానికొకటి ఎక్కడెక్కడివో తెచ్చి ఒక ఫైలులో పోస్తాం. ఒక్కొక్కటీ విడిగా మంచి మందే. నాలుగు మందులూ కలిపి మింగినవాణ్ణి ఏ వైద్యుడూ మెచ్చుకోడు.

కాబట్టి తీర్పు చెప్పేది ఒకరే ఉండాలి, ఆ తీర్పు ఒకేసారి చెప్పాలి. తాళం, డబ్ల్యూలు, గీత, పేరు అన్నీ కలిపి ఆఖరి చిరునామా ఏదో తేల్చుకుని, పాఠకుణ్ణి ఒక్క గెంతులో అక్కడ దించాలి. మజిలీలు వద్దు. వికీపీడియాను నడిపే మీడియావికీ ఈ విషయంలో చాలా కచ్చితమైనది. అది మామూలుగా ఒక్క దారిమార్పునే అనుసరిస్తుంది. చేరిన పేజీ ఇంకో దారిమార్పు అయితే అక్కడే ఆగిపోతుంది. తెలుగు వికీలో పనిచేసిన మిత్రులకు ఆ జంట దారిమార్పులను వెతికి సరిచేసే చాకిరీ గుర్తుండే ఉంటుంది. విసుగు పుట్టించే పనే, కానీ ఆ విసుగు పడినవాడు నిర్వాహకుడు, పాఠకుడు కాడు. అలాగే ఉండాలి.

ఈ మాటే ఒక మిత్రుడితో అంటే ఆయన ఒప్పుకోలేదు. "ఇంత ఆరాటం దేనికి? పాత చిరునామాలన్నిటినీ ముఖపత్రానికి మళ్లించెయ్యి. తిరుగుడు ఉండదు, పట్టీ ఉండదు" అన్నాడు. తిరుగుడు ఉండదన్నది నిజం. కానీ ఒక వ్యాసం కోసం వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, లోపల ఎక్కడో ఉంది వెతుక్కోమనడం నాకు చేతకాదు. దానికంటే లేదని చెప్పడమే గౌరవం. ఆయనే అన్న ఇంకో మాట మాత్రం ఒప్పుకుంటాను. సర్వరు చేతిలో లేనివాళ్లు, పంచుకున్న స్థలంలో ఉన్నవాళ్లు, తమ ప్రోగ్రాము చేసే దారిమార్పులకే పెద్దరికం అప్పగించి హెచ్‌టీయాక్సెస్ ఫైలును ఖాళీగా ఉంచడం మంచిది. ఎవరు పెద్ద అన్నది కాదు నా పేచీ, ఒకరే పెద్ద కావాలన్నది. (ఈ పేజీ ఉన్నది ఉచిత స్థలంలో. ఇక్కడ నేను పెద్దను కాను కాబట్టి నిశ్చింత.)

నేను చివరికి చేసినదీ అదే. పట్టీలో "సరైన" రూపాలన్నీ కొట్టేసి, వ్యాసాలను చూపించే ప్రోగ్రాము ఏ రూపాన్ని తనదంటుందో దాన్నే కుడిపక్క పెట్టాను. పట్టీలో ఏ వరుస కుడిపక్క ఉన్నదీ మరే వరుసలోనూ ఎడమపక్క కనపడకూడదని ఒక తనిఖీ రాశాను. ఆ తర్వాత కర్ల్ అనే పనిముట్టుతో ప్రతి పాత చిరునామానూ అడిగి, ఒక్క దారిమార్పు, వెంటనే 200 వస్తేనే దాటనిచ్చాను. బ్రౌజరులో చూసి సరిపెట్టుకోవడం వట్టి మాట, అది మధ్యలోని మజిలీలు చూపించదు.

ఒక్క తప్పు మాత్రం దిద్దుకోవడానికి వీలు లేకపోయింది. దారిమార్పులకు మొదటినుంచీ 301 అన్న అంకె వాడాను, శాశ్వతం అని దాని అర్థం. శాశ్వతమంటే బ్రౌజరు నమ్ముతుంది, దాచుకుంటుంది, మళ్లీ అడగడానికి సర్వరుదాకా రానే రాదు. ముందు 302 పెట్టి, వారం పది రోజులు అంతా సవ్యంగా ఉందని తేలాక 301 చేసి ఉండవలసింది. పరీక్షించని మాటను శాశ్వతమనడం ఎంత తొందరపాటో నాకు ఆ ఆదివారం తెలిసింది.

సభకు రెండు రోజుల ముందే అన్నీ సర్దుకున్నాయనుకున్నాను. కూతురు ఫోనులో తెరుచుకుంది. అందరి ఫోనుల్లోనూ తెరుచుకుంది. మాస్టారి భార్యను మేము అమ్మగారనే అంటాం. ఆవిడ ఫోనులో మాత్రం అదే గోడ. ఆహ్వానం అందిన రోజే అందరికన్నా ముందు ఆ లంకె నొక్కినది ఆవిడేనట. వెళ్లడమూ రావడమూ రెండూ శాశ్వతమని నేను చెప్పగా దాచుకున్న ఫోను, రెంటి నడుమ లోలోపలే తిరుగుతోంది. సర్వరు చిట్టా చూస్తే ఆవిడ వచ్చిన జాడే లేదు. ఇక్కణ్ణుంచి నేను చేయగలిగినది ఏమీ లేదు.

సభ రోజు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చి, ఫోను చేతిలో పెట్టి, "మీ మాస్టారు బస్సు దిగనంటున్నారు నాయనా" అన్నారు. బ్రౌజరు దాచుకున్నవన్నీ చెరిపేసి లంకె నొక్కాను. పేజీ వచ్చింది. ఫోను తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, మొదటి పేరా పైకే చదవడం మొదలుపెట్టారు. నేను కాఫీ తాగుతూ విన్నాను.